ఏడో నోటుబుక్కు

సంతాపసభలో ప్రెసిడెంటుగారు లేచి, మైకుని వేలితో రెండుసార్లు కొట్టి, "బడే ధార్మిక్ ఆద్మీ థే" అన్నాడు. ఆయన గొప్ప దైవభక్తుడట. నాకు నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కనున్నావిడ నా వీపు నిమిరింది.

గార్డు మావయ్య గుడి మెట్లెక్కగా రాయపూర్‌లో చూసినవాడు ఒక్కడు లేడు. అలాగని దేవుడి మీద కోపమూ లేదు. "మా ఇద్దరికీ డ్యూటీ టైములు కుదరవే" అనేవాడు. అలాంటి మనిషికి చచ్చాక భక్తి అంటగట్టారు. కాదనడానికి ఆయన లేడు. నేనున్నాను, నేనూ కాదనలేదు.

అది తెలుగు సంఘం హాలు. పోయింది తెలుగువాడు. కూర్చున్న ఎనభైమందీ తెలుగువాళ్ళే. సభ మాత్రం మొదట్నించి చివరిదాకా హిందీలో జరిగింది, ఎవరికీ వింతగా తోచలేదు. "ఉన్‌కీ శిష్యా, ప్రిన్సిపల్ మేడమ్" అని నన్ను పిలిస్తే నేనూ లేచి హిందీలోనే రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది మింగేశాను. ఇంటికొస్తే అన్నం సయించలేదు. అందుకని ఇది రాస్తున్నాను. తెలుగులో రాస్తే ఆ హాల్లో ఉన్నవాళ్ళలో ముప్పాతికమంది చదవలేరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నానేమో, అదీ ఒప్పుకుంటాను.

ఆయన గూడ్స్ బండి గార్డు. మా నాన్న ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. ఇద్దరివీ విజయనగరం పక్క పల్లెటూళ్ళు. చుట్టరికం లేదు, రాయపూర్ రైల్వే కాలనీలో ఎదురెదురు క్వార్టర్లు, అంతే. ఆ క్వార్టర్ల దగ్గరితనంలో ఆయన మాకు మావయ్య అయ్యాడు, మా అమ్మ ఆయనకి వదిన అయింది. భార్య పెళ్ళయిన మూడో ఏడే పోయిందట, పిల్లల్లేరు. నాకు తెలిసి ఆయన బతుకులో చెప్పుకోదగ్గ సంఘటన ఇంకేదీ జరగలేదు.

బండి చివర బ్రేకువ్యానులో ఒంటరిగా కూర్చుని విజయనగరం వైపు వెళ్ళేవాడు, వచ్చేవాడు. మెయిలు బండికి దారిమ్మని గూడ్సుని ఏ అడివిలోనో మూడేసి గంటలు నిలబెట్టేసేవారు. మిగతా గార్డులు కునుకు తీసేవారు, లేదంటే పైవాళ్ళని తిట్టుకునేవారు. ఈయన కావ్యాలూ, చరిత్రలూ చదివేవాడు. "నా చదువంతా ఔటర్ సిగ్నల్ దగ్గరేనే" అని గొప్పగా చెప్పుకునేవాడు.

జెండాలూపే చెయ్యి కదా, పుస్తకం పట్టినా ఊరుకునేది కాదు. ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉండే ఆఫీసు పెన్సిలు ఎప్పుడూ చెవి మీద ఉండేది. "పచ్చది ఇవ్వరే మనకి, నీలాన్నే పచ్చనుకోవాలి" అనేవాడు. మహాకవి రాజుగారిని పొగిడిన చోట ఎర్ర గీత. మనిషిలా మాట్లాడిన చోట నీలం గీత. పేజీ అంచున చీమల్లాంటి అక్షరాలతో రాసేవాడు: "ఇక్కడ కవిగారికి నిద్రొచ్చింది." "ఇక్కడ రాజుగారు భోజనానికి లేచినట్టున్నాడు, పద్యం అమాంతం బాగుపడింది."

"తప్పు కదా మావయ్యా, వాళ్ళు మహాకవులు" అన్నాను ఒకసారి. నాకప్పుడు పదమూడేళ్ళు, భక్తి ఎక్కువ.

"మహాకవికి ఆకలెయ్యదేటే?" అన్నాడు. "పొగిడితే గానీ పూట గడవని రోజుల్లో, పొగడ్తల మూట మధ్యలో ఒక్క నిజం దోపుకుని వచ్చేశాడు చూడు, ఆడే మహాకవి. ఆ ఒక్కటీ ఎక్కడ దాచాడో ఎతుక్కోవడం మన పని. మిగిలినదంతా ఆడి జీతానికి చేసిన డ్యూటీ."

చరిత్ర చెబితే రాజులందరూ మా కాలనీలోనే ఉంటున్నట్టుండేది. "ఈ రాజుకి ఇన్‌స్పెక్షన్ పిచ్చి, ఇంట్లో కాలు నిలవదు." "ఈడు బావమరిదిని తెచ్చి పెద్ద స్టేషనుకి మాస్టర్ని చేశాడు, అక్కడ తప్పింది పట్టా." వింటూ మా నాన్న చుట్ట ఆర్పేసి మరీ నవ్వేవాడు. నవ్వులయ్యాక మావయ్య మెల్లిగా అసలుది చెప్పేవాడు. రాతి మీద శాసనం చెక్కించేది గెలిచినవాడేననీ, ఓడినవాడికి రాయి కూడా దొరకదనీ, చదివేటప్పుడు ఏం చెక్కారో కాదు, ఏం చెక్కకుండా వదిలేశారో చూడాలనీ. అప్పుడు మా నాన్న ఆర్పేసిన చుట్ట మళ్ళీ వెలిగించుకునేవాడు.

యాభై ఆరులో నవంబరు ఒకటిన అక్కడ ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఆవేళే మా రాయపూర్ కొత్త మధ్యప్రదేశ్‌లో పడింది. సంఘంలో లడ్డూలు పంచారట. ఈయన లడ్డూ చేత్తో పట్టుకుని, "ఊరు మన దగ్గరకి రాలేదు, మనం ఊరికెళ్ళలేదు, ఇదెవరి పెళ్ళి లడ్డూ బాబూ?" అని అందరినీ అడిగాడట. మా నాన్న ఆ మాట ఎన్నిసార్లు చెప్పేవాడో! మొన్న మళ్ళీ అదే నవంబరు ఒకటిన ఛత్తీస్‌గఢ్ వచ్చింది. వీధిలో టపాకాయలు విని, "చరిత్రకి కేలండరు కొనుక్కునే స్తోమతు లేదు, పాత తారీఖే ఉతికి కట్టుకుంటోంది" అన్నాడని ఆయన తమ్ముడి కొడుకు చెప్పాడు. ఇదే ఊళ్ళో ఉంటూ, కదలకుండా కూర్చుని, మూడు రాష్ట్రాలు చూశాడు మహానుభావుడు.

ఇంక నోటుబుక్కుల సంగతి. వాడేసిన రైల్వే ఫారాలు ఒకవైపు అచ్చుండేవి, రెండోవైపు ఖాళీగా ఉండేవి. వాటిని జాగ్రత్తగా దొంతరపెట్టి, మైదాజిగురు రాసి, గోనెసంచుల దారంతో కుట్టి నోటుబుక్కులు చేసుకునేవాడు. వాటిలో కాలనీ ఆడవాళ్ళ మాటలు రాసేవాడు. ఎవరన్నారు, ఏ ఊరిది, రాయపూర్ వచ్చి ఎన్నేళ్ళయింది, తర్వాత ఆవిడ అన్నది అన్నట్టుగా. దిద్దడం ఉండేది కాదు. "రాజులకి రాళ్ళున్నాయి. బొగ్గేసేవాడి పెళ్ళాం ఏమందో ఎవడు చెక్కుతాడు? మీ పిల్లలేమో కొళాయి కట్టమనడానికి నల్ బంద్ చెయ్యి, చీపురు పట్టమనడానికి ఝాడూ పెట్టు అంటున్నారు. ఇంకో ఇరవయ్యేళ్ళకి ఈ మాటలు ఇక్కడా ఉండవు, ఊళ్ళోనూ ఉండవు" అనేవాడు. మేం కిసుక్కున నవ్వుకునేవాళ్ళం.

మా లైన్లో పదహారు క్వార్టర్లకి ఒక్క కొళాయి. ఒకరోజు పొద్దున్న మా అమ్మకీ, పాయింట్స్‌మన్ భార్యకీ బిందెల దగ్గర పెద్ద గొడవైంది. ఆ ఎదుటావిడ జుట్టు ముడి ఊడిపోయింది, మా అమ్మ కొంగు బిగించేసింది. సరిగ్గా అప్పుడే మావయ్య డ్యూటీ దిగి వస్తున్నాడు. డ్యూటీకి పట్టుకెళ్ళే తన లైను పెట్టె నేల మీద పెట్టి, దాని మీద కూర్చుని, చెవి మీది పెన్సిలు తీశాడు. "వదినా, ఒక్క నిమిషం ఆగు. ఇందాకన్నావే, అది మళ్ళీ అను."

మా అమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. అడిగి తిట్టించుకుంటే తిట్టు వస్తుందా? కోపం రావద్దూ? ఎంత తడుముకున్నా ఆవిడకి ఆ మాట రాలేదు. అప్పుడు ఎదుటావిడే అందించింది, "నన్ను ఇలాగంది బాబూ" అని. మా అమ్మ కాదని సవరించింది. ఆ మాట మీ వైపుదా, మా వైపుదా అని ఇద్దరూ ఆయన పెట్టె పక్కన గొంతుక్కూర్చుని వాదించుకున్నారు. బిందెలు పొర్లిపోయాయి. వెనక వరసలో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. గొడవ ఎలా మొదలైందో ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

ఆ తిట్టేమిటో నాకూ గుర్తులేదు.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే. మా బడి హిందీ బడి. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ రాయడం, చదవడం కాలనీ పిల్లలెవరికీ రాదు. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న ఆయన కాళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. మధ్యాహ్నాలు వరండాలో పాఠం. నాకు డిక్టేషన్ చెబుతూనే, పక్కన చేటలో బియ్యం ఏరుకుంటున్న మా అమ్మని కదిపేవాడు. "వదినా, వానల్లేనప్పుడు మీ ఊళ్ళో ఏం చేసేవోరు? కప్పకి పెళ్ళి చేసేవోరా?" మా అమ్మ మొదట సిగ్గుపడేది. తర్వాత అందుకునేది. వాళ్ళమ్మమ్మ సంగతులు, కరువులో ఏ దుంపలు తిన్నారో ఆ సంగతులు, పెళ్ళయ్యాక తొలిసారి బండెక్కి సొరంగంలో చీకటైపోతే గుడ్డిదాన్నయిపోయానని ఏడ్చిన సంగతి. ఆవిడ చెబుతుంటే ఆయన రాసుకునేవాడు. నేను తలొంచుకుని నా అక్షరాలు దిద్దుకునేదాన్ని.

ఒకరోజు మా అమ్మ, "బాబూ, ఆ రాసినదేదో ఓసారి చదువు" అంది. అలా అడగడానికే ఆవిడకి రెండేళ్ళు పట్టింది. ఆయన చదివాడు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ, ఎక్కడ నిట్టూర్చిందో అక్కడ నిట్టూరుస్తూ చదివాడు. మా అమ్మ చేట కింద పెట్టేసింది. చెంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, భుజాలు మాత్రం నవ్వుకి ఊగుతున్నాయి. ఇన్ని మాటలు తనే అందా అని అడిగింది. వేలిముద్ర వేసే మనిషి. తన గొంతు కాయితంలోంచి రావడం అదే మొదటిసారి వింది.

"ఇంక నువ్వు పుస్తకంలోకి ఎక్కేశావు వదినా. రాజుల పక్కనే నీ సీటు. టిక్కెట్ కలెక్టరొచ్చినా దింపలేడు" అన్నాడు మావయ్య.

అది ఏడో నోటుబుక్కు. మొదటి ఫారం నించి చివరి ఫారం దాకా మా అమ్మే. మొత్తం పదకొండు రాశాడు, ఇంకెవరికీ అంత చోటివ్వలేదు.

నేను దాన్ని చదవలేదు. ఎందుకు చదవలేదంటే చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆయన దగ్గర నేర్చుకున్న తెలుగుతో పెద్ద పెద్ద కావ్యాలు చదివాను, నీలం గీతలున్న చోట్లన్నీ కంఠతా పట్టాను. మా అమ్మ మాట్లాడే మాట చదవాల్సింది కాదనుకున్నాను. మోటుదని నా ఉద్దేశం. కాలేజీలో ఉండగా ఆయన రెండుసార్లు అడిగాడు. "ఏడోది చదువుతావేటే? అంతా మీ అమ్మే." పరీక్షలున్నాయి మావయ్యా అన్నాను. తర్వాత పెళ్ళి. తర్వాత బడిలో ఉద్యోగం. తర్వాత పిల్లలు. మా అమ్మ పోయిన పన్నెండో రోజు భోజనాలయ్యాక ఆయన మళ్ళీ అడిగాడు. "ఇప్పుడు చదవలేను మావయ్యా, ఏడుపొస్తుంది. ఉంటుంది కదా, ఎక్కడికి పోతుంది" అన్నాను.

ఆయన రిటైరై క్వార్టరు ఖాళీ చేసి దేవేంద్ర నగర్‌లో తమ్ముడి కొడుకింట్లో ఒక గదిలోకి మారాడు. అది మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోని గది. అందుకని నోటుబుక్కులు పదకొండూ తెచ్చి సంఘం వెనకగది అలమారాలో పెట్టాడు. ఆ గదే మా గ్రంథాలయం. రాయపూర్ నించి బదిలీ అయ్యే తెలుగు కుటుంబాలకి ఓ అలవాటుంది. సామాను కట్టేటప్పుడు తెలుగు పుస్తకాలు తెచ్చి సంఘంలో దింపేసి పోయేవారు. పిల్లలకి చదవడం రాదు, మోసుకెళ్ళి ఏం లాభం అని. అలా మూడు అలమారాలు నిండాయి. మావయ్య రోజూ సాయంత్రం వచ్చి దుమ్ము దులిపి, చిరిగినవి అతికించి, ఎవరైనా వస్తారేమోనని గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు.

తర్వాత కమిటీ మారింది. హాలుని పెళ్ళిళ్ళకి ఇస్తున్నాం, వంటపాత్రలు పెట్టడానికి గది కావాలి అన్నారు కొత్తవాళ్ళు. మీటింగులో మావయ్య గంటసేపు పోట్లాడాడు. చివరికి ఒక్క అలమారా మాత్రం హాల్లో మూలన ఉంచుతామన్నారు. ఏవి ఉంచాలో ఏరేది ఎవరు? ఆయనకి అప్పటికి కళ్ళలో పొరలు కమ్మేశాయి, ఆ వారమే ఆపరేషను. కమిటీలో తెలుగు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. "పిల్ల చూసుకుంటుంది" అన్నాడాయన అందరి ముందూ. నాకు నలభై దాటాయి, ఆయనకి నేనింకా పిల్లనే. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "కావ్యాలు పోతే పోనీయే, అవి ఎక్కడైనా దొరుకుతాయి. నోటుబుక్కులు ముందు తీసి పక్కన పెట్టు" అన్నాడు.

ఆదివారం పొద్దున్న పదింటికి ఏరడం. అదే ఆదివారం శంకర్ నగర్‌లో మా పై ఆఫీసరుగారి గృహప్రవేశం. నా ప్రమోషన్ కాయితం ఆయన బల్ల మీద ఉంది. ఓసారి మొహం చూపించి వచ్చేద్దామనుకున్నాను. సంఘం యువజన విభాగం వాళ్ళకి ఫోను చేసి, నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దన్నాను. "హాఁ హాఁ ఆంటీ, మీరు ఆరామ్‌గా రండి" అన్నారు. అక్కడ ఆఫీసరుగారి భార్య నన్ను వదల్లేదు. పూజలో కూర్చోబెట్టింది, భోజనంలో వడ్డించమంది. నాకు పొంగిపోయింది మనసు. చూస్తే సాయంత్రం నాలుగైంది.

నేను హాలుకి వెళ్ళేసరికి వెనకగది కడిగేసి ఉంది. బాండీలూ, గుండిగలూ సర్దేశారు. హాలు మూలన అలమారా, దానికి బంతిపూల దండ.

"సబ్ హో గయా ఆంటీ. మీకెందుకు శ్రమని మేమే చేసేశాం" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. బ్యాంకులో పనిచేస్తాడు, బుద్ధిమంతుడు, నన్ను చూస్తే లేచి నిలబడతాడు.

"చదవడం రాకుండా ఎలా ఏరారు నాయనా?"

"అట్ట మీద దేవుడి బొమ్మ ఉన్నవి రఖ్ దియా. లేనివి రద్దీలో, చిత్తుకాయితాల్లో. భగవాన్‌ని ఎలా పారేస్తాం ఆంటీ, పాపం కదా! ఒక్కోటీ కళ్ళకద్దుకుని మరీ పెట్టాం." అతని మొహంలో ఎంత నిజాయితీ ఉందో! తిట్టడానికి నాకు నోరు రాలేదు.

ఉన్నవి వ్రతకథలు, స్తోత్రాలు, పాత పంచాంగాలు. ఒకే వ్రతకథ ఐదు కాపీలు. కావ్యాల మీద మావయ్య వేసిన అట్టలు వట్టి ఖాకీ కాయితానివి, అవన్నీ పోయాయి.

"ఫారాలతో కుట్టిన నోటుబుక్కులు?"

"వో రైల్వే కే పురానే ఫారమ్? వాటి మీద బండి నంబర్లున్నాయి ఆంటీ. బేకార్ కాగజ్, పనికిరానివనుకున్నాం."

పాతకాయితాలు కొనే కబాడీవాలా బండి మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. నేను పట్టుచీరతోనే ఆటో ఎక్కి వాడి దుకాణం వెతుక్కుంటూ వెళ్ళాను. తాళం వేసి ఉంది. మర్నాడు పొద్దున్న మళ్ళీ వెళ్ళాను. కాయితాల లారీ పేపరుమిల్లుకి తెల్లవారుజామునే బయల్దేరిందన్నాడు. నేను ఆదివారం పదింటికి వెళ్ళి ఉంటే ఐదు నిమిషాల పని. పదకొండు నోటుబుక్కులు ఒక సంచిలో పట్టేవి.

మంగళవారం మావయ్యని చూడ్డానికి వెళ్ళాను. కళ్ళకి కట్టు కట్టి ఉంది. అడుగుల చప్పుడుకే పోల్చి, "ఏటే, తీసేవా?" అన్నాడు.

"తీశాను మావయ్యా. భద్రంగా ఉన్నాయి."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం. కట్టు కట్టిన మనిషితో నిజం చెప్పకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం భయం. "అమ్మయ్య" అన్నాడాయన, తలగడ మీద వెనక్కి వాలి. "నీ చేతిలో ఉన్నాయంటే నాకింక నిద్రపడుతుంది."

కట్టు విప్పిన వారానికి సంఘానికి వచ్చాడు. ఆవేళ నేనక్కడే ఉన్నాను. అలమారా ముందు నిలబడి కొత్త కళ్ళద్దాలతో ఒక్కొక్క పుస్తకమే చూశాడు. ఐదు వ్రతకథలూ పైకి తీసి వరసగా పెట్టాడు. నవ్వడం మొదలుపెట్టాడు. అలాంటి నవ్వు నేనెన్నడూ చూడలేదు. దగ్గు తెర పట్టుకునేదాకా నవ్వాడు.

"శత్రువులొచ్చి గ్రంథాలయాలు తగలబెట్టేసిన కథలు చాలా చదివేనే. కళ్ళకద్దుకుని కబాడీకి వేసినవాళ్ళం చరిత్రలో మనమొక్కళ్ళమే. ఇది కదా రాయాలి!" కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏడోది?" అన్నాడు.

నేను తల అడ్డంగా తిప్పాను.

"ఉన్నాయన్నావు."

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె కొసతో చాలాసేపు తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాక ఆయన గొంతు మారిపోయింది. "చలియే మేడమ్‌జీ. ఆప్‌కో దేర్ హో రహీ హోగీ" అన్నాడు. మీకు ఆలస్యమవుతుందేమో, వెళ్ళండి అని.

ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. ఆరేళ్ళూ నాతో హిందీలోనే మాట్లాడాడు. కూరలమ్మేవాడితో హిందీ సరే. తమ్ముడి కొడుకుతో తెలుగు, ఆ పిల్లలకి అర్థం కాకపోయినా వాళ్ళతో తెలుగు, చివరికి మా ఆయనతో తెలుగు. నాతో మాత్రం స్వచ్ఛమైన, మర్యాద కలిగిన హిందీ. "ఆయియే మేడమ్‌జీ. బైఠియే." రండి, కూర్చోండి అని. ప్రిన్సిపల్‌నయ్యానని గౌరవం ఇస్తున్నాడనుకునేవాళ్ళు చూసినవాళ్ళు. ప్రమోషన్ వచ్చింది మరి! ఒకసారి నేను తట్టుకోలేక, "ఓ దెబ్బ వెయ్యి మావయ్యా, తిట్టు, ఇదేం శిక్ష?" అని ఏడ్చాను. ఆయన నిజంగానే కంగారుపడ్డాడు. "కైసీ సజా, మేడమ్‌జీ?" అని, ఏం శిక్షని అడిగి, మంచినీళ్ళు తెప్పించాడు. కక్షతో అలా చేస్తున్నాడని కొన్నాళ్ళు కోపం తెచ్చుకున్నాను. కక్ష కాదు. నాతో తెలుగు మాట్లాడడానికి ఆయనకి ఇంక నోరు రాలేదు.

ఈ ఏడాది ఎండాకాలంలో నాకొక ఆలోచన తోచింది. నోటుబుక్కు పోయినా అమ్మ కూతుర్ని నేనున్నాను కదా, గుర్తున్నది నేనే రాస్తే? మూడు నెలలు కూర్చున్నాను. కరువు దుంపల సంగతి, సొరంగం సంగతి, అమ్మమ్మ సంగతులు, మా అమ్మ చెబుతున్నట్టే అమ్మ మాటల్లో రాశాను. రెండువందల పేజీల నోటుబుక్కులో నలభై పేజీలు నిండాయి. రాస్తుంటే మా అమ్మ వరండాలో చేట పట్టుకుని కూర్చున్నట్టే అనిపించింది. ఇది చూపిస్తే ఆయన కరుగుతాడు, ఒక్కసారి "ఏటే" అంటాడు, అది చాలు నాకు అనుకున్నాను.

కొత్త రాష్ట్రం వచ్చిన రెండో వారం దేవేంద్ర నగర్ వెళ్ళాను. అప్పటికే ఆయన మంచం దిగడం లేదు. "మావయ్యా, మా అమ్మ మాటలు. గుర్తున్నంతవరకు రాశాను" అని ఛాతీ మీద పెట్టాను. భూతద్దం తెప్పించుకున్నాడు. గంటకి పైగా చదివాడు, ఒక్క పేజీ వదల్లేదు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, డిక్టేషన్ దిద్దించుకునే పిల్లలా, ఆయన మొహమే చూస్తున్నాను.

చివరి పేజీ అయ్యాక మళ్ళీ మొదటి పేజీకొచ్చాడు. ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. "యే మైంనే ఆప్‌కో లిఖ్‌వాయా థా" అన్నాడు. ఇది మీకు నేను డిక్టేషన్ చెప్పిన వాక్యం. ఇంకో పేజీ తిప్పి ఇంకోటి చూపించాడు. ఇది పాఠ్యపుస్తకంలోది. ఇది కావ్యంలోది, నీలం గీత పెట్టింది. ఇది కూడా నేను నేర్పిందే. కోప్పడలేదు, వెక్కిరించలేదు, బండి నంబర్లు చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు. నలభై పేజీల్లోనూ ఒక్క మాట మా అమ్మది లేదు. సంగతులు ఆవిడవే, మాటలన్నీ నావి. నేను తలొంచుకుని దిద్దుకున్న ఆ అక్షరాలే నాకు మిగిలాయి. పక్కన మాట్లాడుతున్న మనిషి నా చెవినే పడలేదు.

"నీకు గుర్తుంటుంది కదా మావయ్యా! అన్నిసార్లు చదివావు. ఒక్కటి చెప్పు. ఏదో ఒక్కటి, ఆ కొళాయి దగ్గర తిట్టయినా చెప్పు, రాసుకుంటాను" అని చేతులు పట్టుకున్నాను.

కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. నిజంగానే వెతికాడు, అది నేను చూశాను, నా కోసం కాకపోయినా మా అమ్మ కోసం వెతికాడు. నుదుటి మీద చెమట పట్టింది. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"యాద్ న రఖ్‌నా పడే, ఇసీలియే తో లిఖ్ లియా థా, మేడమ్‌జీ" అన్నాడు. గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా ఉండాలనే కదా రాసిపెట్టుకున్నది.

నోటుబుక్కు మూసి, దాని మీది దుమ్మేదో తుడిచినట్టు అరచేత్తో ఓసారి తుడిచి, నా చేతికిచ్చేశాడు. లోపలికి వినబడేలా గొంతెత్తి, మేడమ్‌జీకి చాయ్ పెట్టమని తమ్ముడి కోడలికి తెలుగులో చెప్పాడు.